బొద్దు గుర్రానికి చలికాలం గడ్డి: ఏది కొనాలి, ఎంత పెట్టాలి?

బూడిద గుర్రం (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మా గుర్రానికి 14 ఏళ్లు, గెల్డింగ్ (వృషణాలు తీయించిన మగ గుర్రం). మంచినీళ్లు తాగినా ఒళ్లు చేసే రకం. జూలు కింద కొవ్వు గట్టిపడి మెడ ఒక పక్కకు ఒరిగింది. పోయిన వసంతంలో ముందు గిట్టలు రెండూ వేడెక్కి నాలుగు రోజులు అడుగు తీసి అడుగు వేయలేకపోయాడు. లామినైటిస్ (గిట్ట లోపలి పొరలు వాచే జబ్బు) అన్నారు. త్వరగానే తేరుకున్నాడు గానీ ఆ టెన్షన్ నాకింకా పోలేదు.

ఇప్పుడు చలికాలానికి ఎండుగడ్డి కొనాలి. రెండు రకాలు దొరుకుతున్నాయి. ఒకటి ముదిరాక కోసింది, గోధుమరంగులో పుల్లలు పుల్లలుగా ఉంది. రెండోది పచ్చగా, మెత్తగా, ఆకు ఎక్కువగా ఉంది. "ముదురుది తీసుకో, అందులో సత్తువ ఉండదు" అని ఒకరు, "ఏదైనా సరే, నానబెట్టి పెట్టు" అని ఇంకొకరు, "పగలంతా పస్తుంచి రాత్రికి ఒక మోపు వేయి, చాలు" అని మరొకరు. ఎవరి మాట వినాలి?

పాత లాయం
రంగు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక్క ప్రశ్న. ఇప్పుడు రోజుకు ఎన్ని కిలోలు తింటున్నాడు? మోపుల లెక్క వద్దు, కిలోల్లో చెప్పండి.

బూడిద గుర్రం
పొద్దున రెండు మోపులు, సాయంత్రం మూడు... కిలోలు తెలియదండి.

పాత లాయం
అదే అనుకున్నాను. పెట్టెలు తూచే కొక్కెం కాటా ఒకటి కొనండి. రోజుకు పెట్టేదంతా గడ్డి పెట్టే వలలో వేసి, వారం పాటు తూచి రాసుకోండి. ఒకే బేల్ (యంత్రంతో బిగించి కట్టిన గడ్డి దిమ్మ) నుంచి తీసిన రెండు మోపుల మధ్య కూడా కిలో తేడా వస్తుంది. నేను ముప్పై ఏళ్లు చేతి అంచనా మీదే నడిపినవాణ్ణి, కాటా కొన్న రోజు సిగ్గుపడ్డాను.

గుర్రం బరువు కూడా కావాలి. భుజాల వెనక ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. తర్వాత ఛాతీ ముందు భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా పొడవు. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. కాస్త అటూ ఇటూ ఉంటుంది కానీ పర్వాలేదు. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే చోట టేపు పెడితే తగ్గుతున్నదో పెరుగుతున్నదో తెలుస్తుంది, మనకు కావలసింది అదే.

వదులు కళ్ళెం
ఇంత లెక్కలెందుకండీ? మా గుర్రానికి పోయిన చలికాలం పొద్దున ఒక మోపు, రాత్రి ఒక మోపు, అంతే. రెండు నెలల్లో సన్నబడింది. ఏమీ కాలేదు.

మువ్వల పోనీ
వదులు కళ్ళెం గారూ, మీకు ఏమీ కాలేదు, మంచిదే. నాకు అయింది. మా పోనీ (పొట్టి జాతి గుర్రం) బాగా లావుగా ఉండేది. తొందరపడి ఒక్కసారిగా మేత సగానికి పైగా కోసేశాను. ఆరో రోజుకి తల వాల్చేసింది, పెట్టినది ముట్టుకోలేదు. అలిగిందనుకున్నాను, నిజంగా. డాక్టరు వచ్చి రక్తం తీస్తే గాజు గొట్టంలో పైన పాలలాగా తెల్లగా తేలింది. ఒంట్లో కొవ్వంతా ఒక్కసారిగా రక్తంలోకి దిగిందట. హైపర్‌లిపీమియా. కాలేయం దాకా వెళ్లింది. పది రోజులు గొట్టంతో ఆహారం ఇచ్చి బతికించారు. లావుగా ఉన్న పోనీకి, గాడిదకు, చూలు గుర్రానికి పస్తు అన్నది అస్సలు పనికిరాదు. ఈ మాట ఎక్కడ కనిపించినా నేను వచ్చి ఇదే రాస్తాను, విసుగొచ్చినా సరే.

స్టెతస్కోపు
నేను పశువైద్యం చేస్తాను. ఇక్కడ రాసేది మీ డాక్టరు చూసి చెప్పేదానికి బదులు కాదని ముందే చెప్తున్నాను.

మువ్వల పోనీ గారు చెప్పింది అక్షరాలా నిజం. పెద్ద గుర్రాల్లో ఆ జబ్బు తక్కువ, కానీ వాటికి ఇంకో చిక్కుంది. గుర్రం కడుపులో యాసిడ్ రోజంతా ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. నమిలినప్పుడే లాలాజలం వస్తుంది, దాన్ని విరిచేది అదే. గంటల తరబడి ఖాళీగా ఉంటే కడుపులో పుండ్లు, శూల, లాయం కర్రలు కొరకడం. మేతకూ మేతకూ మధ్య ఐదారు గంటలు దాటకుండా చూసుకోండి.

లెక్క ఇది. బరువు తగ్గాల్సిన గుర్రానికి రోజుకు ఒంటి బరువులో 1.5 శాతం మేత, తేమ తీసేసిన లెక్కన. దానితో ఆరేడు వారాలైనా కదలిక లేకపోతే 1.25 శాతానికి దిగవచ్చు, అదీ డాక్టరు కనిపెట్టి ఉండగా. అంతకన్నా కిందికి సొంతంగా వెళ్లకండి. ఎండుగడ్డిలో పదోవంతు, ఇంకాస్త ఎక్కువ నీరే ఉంటుంది, కాబట్టి తూకంలో ఆ మేరకు కలుపుకోవాలి.

లామినైటిస్ ఒకసారి వచ్చింది, మెడ కొవ్వు ఉంది. ఇలాంటి వాటిలో గడ్డిలోని చక్కెరకు ఇన్సులిన్ బాగా పెరుగుతుంది, అదే లామినైటిస్‌కు దారి తీస్తుంది. కాబట్టి రక్తంలో ఇన్సులిన్ పరీక్ష చేయించండి. 14 ఏళ్లంటే కుషింగ్స్ జబ్బుకు (పిట్యూటరీ గ్రంథి హార్మోన్లు గాడి తప్పేది) కూడా చూడాల్సిన వయసే. అసలు జబ్బు తెలియకుండా గడ్డి మీద మాత్రమే యుద్ధం చేస్తే సగం పనే.

గడ్డివాము
నేను ఎండుగడ్డి పండించి అమ్మేవాణ్ణి, నా సరుకు గురించి నేనే చెప్పడం బాగోదు గానీ రంగు మాట మాత్రం చెప్పాలి. పచ్చగా ఉంటే చక్కెర ఎక్కువ, గోధుమరంగైతే తక్కువ అన్నది కంటికి తోచే అబద్ధం. చక్కెరకు రంగు లేదు.

ఆకు ఎండలో చక్కెర తయారు చేస్తుంది. పెరగడానికి దాన్నే వాడుకుంటుంది. పెరగాలంటే వెచ్చదనం కావాలి. రాత్రిళ్లు 5 డిగ్రీల కిందికి పడి పగలు ఎండ కాస్తే, తయారీ సాగుతుంది, వాడకం ఆగుతుంది. మిగిలినదంతా కాండంలో, మొదలు దగ్గర ఫ్రక్టాన్‌గా (చక్కెర గొలుసులా ఉండే పదార్థం) దాస్తుంది. టిమోతి, రై గ్రాస్ లాంటి చలి ప్రాంతపు గడ్డి ఇలా ఎంతైనా దాచుకోగలదు. అలాంటి రోజుల్లో సాయంత్రం కోస్తే, ముదిరిన పుల్లలోనూ చక్కెర దండిగా ఉండవచ్చు. మరోవైపు, కోసి ఆరబెట్టినప్పుడు వాన తగిలితే చక్కెర కడుక్కుపోతుంది. అందుకే ఒకే పొలంలో రెండు కోతలు రెండు రకాలుగా ఉంటాయి.

గరిక, టెఫ్ లాంటి వేడి ప్రాంతపు గడ్డి ఫ్రక్టాన్ దాచదు, ఆకులో పిండిపదార్థంగా పెట్టుకుంటుంది, దానికొక హద్దు ఉంటుంది. సాధారణంగా చక్కెర తక్కువ. అలాగని కళ్లు మూసుకుని కొనవద్దు, టెఫ్‌లోనూ ఎక్కువ చూశాను. గరిక మరీ సన్నగా, పొడిగా ఉంటే పేగులో గట్టిపడి అడ్డుపడే ప్రమాదముంది, నీళ్లు బాగా తాగించాలి. రై గ్రాస్ విత్తనాలు చాలావరకు పాడి ఆవుల కోసం చక్కెర పెంచి తయారు చేసినవి. మన బొద్దు గుర్రానికి అది చివరి ఎంపిక.

పరీక్ష చేయించండి. కోర్ శాంప్లర్ అని బేల్‌లోకి గుచ్చి తీసే గొట్టం ఉంటుంది. ఒకే కోతకు చెందిన 15, 20 బేళ్ల నుంచి తీసి, కలిపి పంపాలి. చేత్తో పైనుంచి గుప్పెడు లాగి పంపితే ఆకు రాలిపోయి ఫలితం తప్పొస్తుంది. కరిగే చక్కెర, పిండిపదార్థం రెండూ కలిపి 10 శాతం లోపు ఉంటే మీలాంటి కేసుకు మంచిది, 12 దాటితే ఆలోచించాలి. చలికాలానికంతా సరిపడా ఒకే కోత కొని పెట్టుకోండి, లేకపోతే ప్రతి లోడుకూ మళ్లీ పరీక్ష.

వదులు కళ్ళెం
పరీక్ష సరే, అది వచ్చేదాకా ఏం పెట్టాలి? నానబెట్టడం ఉండనే ఉందిగా.

పాత లాయం
నానబెడితే చక్కెర దిగుతుంది, నిజమే. ఎంత దిగుతుందో మాత్రం గడ్డిని బట్టి. ఒక గడ్డి మూడోవంతు వదిలితే ఇంకోటి పదోవంతు కూడా వదలదు. కాబట్టి నానబెట్టాను కదా అని ధీమాగా ఉండొద్దు. చన్నీళ్లలో గంట, గోరువెచ్చని నీళ్లలో అరగంట. గడ్డి పూర్తిగా మునగాలి, నీళ్లు దండిగా ఉండాలి, ఆ నీళ్లు పారబోయాలి. ఒకాయన ఆ నీళ్లే గుర్రానికి తాగడానికి పెట్టేవారు, పంచదార పానకం!

రాత్రంతా నానబెడితే ఇంకాస్త ఎక్కువే దిగుతుంది గానీ పొటాషియం, మెగ్నీషియం లాంటి ఖనిజాలూ పోతాయి, గడ్డిలో సూక్ష్మజీవులూ పెరుగుతాయి. వాతావరణం వెచ్చగా ఉంటే పుల్లని వాసన వచ్చేస్తుంది, అది పెట్టకూడదు. గట్టి చలిలోనైతే వల మొత్తం గడ్డకట్టి ఇటుకైపోతుంది. ఇంకో మాట, తూకం నానబెట్టక ముందే వేయాలి.

మువ్వల పోనీ
ఆవిరి పట్టడం వేరు, అది కూడా రాయండి అన్నా. చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు.

పాత లాయం
అవును తల్లీ. ఆవిరి దుమ్ముకు, బూజు కణాలకు. చక్కెరకు పెద్దగా ఏమీ చేయదు.

బూడిద గుర్రం
అందరికీ ధన్యవాదాలు. లెక్కలు తీశాను, చూసి నవ్వకండి. ఛాతీ చుట్టుకొలత 184, పొడవు 168. అంటే దాదాపు 479 కిలోలు. వారం పాటు తూచిన గడ్డి సగటున రోజుకు 13 కిలోలు! దానికి తోడు విటమిన్ల కోసమని రోజూ ఒక డబ్బా దాణా. ఐదు మోపులే కదా అనుకుంటూ వచ్చాను.

స్టెతస్కోపు
నవ్వడం లేదు, నూటికి తొంభై మందిది ఇదే కథ. 13 కిలోల్లో తేమ తీసేస్తే పదకొండున్నర, అంటే ఒంటి బరువులో 2.4 శాతం. మీ లక్ష్యం 7.2 కిలోలు, తూకంలో చూస్తే సుమారు 8. ఒక్కరోజులో దించకండి, రెండు వారాల్లో మెల్లగా దించండి. దాణా ఆపేయండి. బదులుగా కొద్ది గ్రాముల్లో పెట్టే విటమిన్, ఖనిజాల మిశ్రమం వాడండి. ఎండుగడ్డిలో విటమిన్ ఇ దాదాపు మిగలదు, రాగి, జింక్ కూడా తరచూ చాలవు. ఉప్పు ప్రతి 100 కిలోల బరువుకు సుమారు 10 గ్రాములు.

లూసర్న్ (అల్ఫాల్ఫా) ఆకు గుప్పెడు మందు కలపడానికి వాడితే తప్పులేదు. చక్కెర తక్కువే గానీ శక్తి, ప్రోటీన్ ఎక్కువ, కాబట్టి మేతగా మాత్రం వద్దు.

బూడిద గుర్రం
8 కిలోలంటే వాడు మూడు గంటల్లో ఊదేస్తాడు. మిగతా పొద్దంతా ఏం చేయాలి?

మువ్వల పోనీ
సన్న కన్నుల వల. 3, 4 సెంటీమీటర్ల కన్ను చాలు. మొదట్లో కోపమొచ్చి వలను కొరుకుతారు, అందుకని పాత వలలో సగం, కొత్తదానిలో సగం పెట్టి అలవాటు చేయండి. నేనైతే రోజుకు నాలుగైదు వలలు కట్టి దొడ్డి నాలుగు మూలలా వేలాడదీస్తాను, ఒక్కోటి తిని ఇంకోదాని దగ్గరికి నడవాలి. రాత్రి వల అన్నిటికన్నా పెద్దది. రాత్రి పన్నెండు గంటలు ఖాళీగా ఉంచి పొద్దున్నే పెడితే బకాసురుడిలా మీద పడతారు.

గిట్టల మనిషి
లాడాలు కొట్టే పని నాది. లాడాలున్న గుర్రమైతే వల కిందికి వేలాడనివ్వకండి. గిట్ట వలలో ఇరుక్కుని లాడంతో పాటు గిట్ట అంచు ఊడిపోయిన గుర్రాన్ని చూశాను. లాడాలుంటే ఎత్తుగా కట్టండి, లేదా వలను పెట్టెలో బిగించండి.

ఇంకోటి. లామినైటిస్ వసంతం జబ్బు అనుకుంటారు. నేను గట్టి చలిలో, పచ్చిక అన్నదే లేని చోట కూడా చూశాను, ఇన్సులిన్ ఇబ్బంది ఉన్న వాటిలోనే. పొద్దున్నే గిట్ట మీద చేయి పెట్టి వేడి చూడండి, గిట్టకు పైన కాలి వెనక వైపు నాడి గట్టిగా కొట్టుకుంటోందేమో చూడండి. గట్టి నేల మీద మలుపు తిరిగేటప్పుడు అడుగు తడబడుతుంటే ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

వదులు కళ్ళెం
మంచు పడ్డ పచ్చిక మీదికి వదలొచ్చా? చలికి గడ్డి చచ్చిపోయి ఉంటుంది, సారం ఉండదు కదా.

గడ్డివాము
చచ్చిపోదండి, నిద్రపోతుంది, చక్కెర దాచుకుని మరీ. పైన రాసిందే మళ్లీ. రాత్రి మంచు, పగలు ఎండ అన్నది బొద్దు గుర్రానికి చెడ్డ జోడీ. పొట్టిగా మేసేసిన పచ్చిక ఇంకా చెడ్డది, చక్కెర దాచుకునేది మొదలు దగ్గరే. మబ్బు పట్టి రాత్రిళ్లు వెచ్చగా ఉన్న రోజుల్లో వదలండి, కొద్దిగా మాత్రమే మేసే వీలున్న బుట్ట మూతికి కట్టి. మిగతా రోజులు మట్టి దొడ్డే.

వదులు కళ్ళెం
సరే, ఒప్పుకున్నాను. గోధుమ గడ్డి కలిపితే? అంటే గింజ తీసేశాక మిగిలేది. అది తిని ఎవరూ లావెక్కరు.

స్టెతస్కోపు
మంచి ప్రశ్న. గోధుమ, ఓట్స్, బార్లీ ఏదైనా శుభ్రంగా, బూజు లేకుండా ఉంటే మేతలో మూడోవంతు లోపు కలపవచ్చు. బార్లీకి నోట్లో గుచ్చుకునే ముళ్లుంటాయి, చూసి ఎంచుకోండి. రెండు వారాల్లో కొద్దికొద్దిగా పెంచాలి. పళ్లు అరిగిన ముసలి గుర్రానికి, ఇదివరకు పేగు అడ్డుపడిన గుర్రానికి వద్దు. మేతంతా అదే పెడితే కడుపులో పుండ్లు వస్తాయి. చలికాలంలో గుర్రాలు చల్లటి నీళ్లు తక్కువ తాగుతాయి, పీచు ఎక్కువ తిని నీళ్లు తక్కువ తాగితే శూల. కాస్త గోరువెచ్చని నీళ్లు పెడితే తాగడం పెరుగుతుంది. మొదలుపెట్టే ముందు పళ్లు చూపించండి.

బూడిద గుర్రం
పరీక్ష ఫలితాలు వచ్చాయి! గడ్డివాము గారూ, మీ నోటి మాటే. పచ్చటి మెత్తటి గడ్డి: కరిగే చక్కెర 8.3, పిండిపదార్థం 1.1. పుల్లల గోధుమరంగు గడ్డి: చక్కెర 16.9, పిండిపదార్థం 0.8. సత్తువ లేదని అందరూ చెప్పినదాన్ని నేను ఇంటికి తెచ్చేసుకునేదాన్ని. అడిగితే తెలిసింది, పచ్చటి దానికి కోతయ్యాక ఒకసారి సన్న వాన తగిలిందట, తర్వాత ఎండ బాగా కాసిందట.

గడ్డివాము
చూశారా. పచ్చటిదే తీసుకోండి. మెత్తగా ఉంది కాబట్టి గబగబా తింటాడు, సన్న వల తప్పనిసరి. రుచికరమైనదని రెండు గుప్పెళ్లు ఎక్కువ వేయాలనిపిస్తుంది, ఆ చేతిని కట్టేసుకోండి.

కొత్త సవారీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. హేలేజ్ (సగం ఆరిన గడ్డిని గాలి చొరకుండా ప్లాస్టిక్‌లో చుట్టినది) సంగతేంటి? పులియబెట్టినది కదా, చక్కెర తగ్గి ఉంటుందని విన్నాను.

పాత లాయం
కొంత తగ్గుతుంది, ప్రతి బేల్‌లోనూ కాదు. సాధారణంగా లేతగా ఉన్నప్పుడే కోస్తారు కాబట్టి శక్తి ఎక్కువ, రుచీ ఎక్కువ. ఇన్సులిన్ ఇబ్బంది ఉన్నవాటికి హేలేజ్ వద్దనే నా మాట. ఊపిరితిత్తుల సమస్య ఉండి తప్పదంటే, తేమ లెక్క తేల్చి, పరీక్ష చేయించి పెట్టండి. బేల్‌కు చిల్లు పడితే ఆ బేల్ పారేయండి.

మువ్వల పోనీ
బూడిద గుర్రం అక్కా, రగ్గు వేస్తున్నారా?

బూడిద గుర్రం
మందపాటిది వేస్తున్నాను. చలి కదా పాపం.

మువ్వల పోనీ
తీసేయండి. వానా గాలీ కలిసి వస్తే పల్చటిది చాలు, నిలబడే నీడ ఉంటే అదీ అక్కర్లేదు. ఒంట్లో ఉన్న కొవ్వు కరిగేది ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే. రగ్గు కప్పి ఆ పని కూడా మనమే చేస్తే వాడేం చేస్తాడు? వెంట్రుకలు గొరిగించి ఉంటే మాట వేరు. వణుకుతున్నాడా, వీపు మీద వెంట్రుకల కింద చేయి పెడితే వెచ్చగా ఉందా, అంతే చూడండి. చెవులు చల్లగా ఉన్నాయని కంగారుపడకండి.

స్టెతస్కోపు
ఇంకోటి కలుపుతాను. చలికాలపు వెంట్రుకలు కొవ్వును దాచేస్తాయి, వెంట్రుకలు లేచి నిలబడితే ఇంకా మోసం. రెండు వారాలకోసారి కళ్లు మూసుకుని చేత్తో చూడండి. పక్కటెముకలు తేలిగ్గా తగలాలి. ఒంటి కొవ్వుకు 1983లో హెన్నెకె బృందం ఇచ్చిన 1 (ఎముకల గూడు) నుంచి 9 (మరీ లావు) స్కోర్ ఇప్పటికీ చాలామంది వాడేది, మీరు రాసినదాన్ని బట్టి మీ వాడు 8 దగ్గర ఉంటాడు. 5కు రావాలి. వారానికి ఒంటి బరువులో అర శాతం నుంచి ఒక శాతం తగ్గితే సరైన వేగం.

బూడిద గుర్రం
ఆరు వారాల తర్వాత వచ్చాను. ఇన్సులిన్ ఎక్కువే ఉందని తేలింది, కుషింగ్స్ లేదు. రోజుకు 6 కిలోల పచ్చటి ఎండుగడ్డి, 2 కిలోల ఓట్స్ గడ్డి, ఐదు వలల్లో. గిట్టలు చల్లగానే ఉన్నాయి, అందుకని డాక్టరు ఒప్పుకున్నాక రోజూ అరగంట నడిపిస్తున్నాను. మూడో వారంలో ఏమీ తగ్గలేదు, ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, పక్క దొడ్డి గుర్రం వల మీదికి కంచె పైనుంచి మెడ చాచి తింటున్నాడు! ఆ వల అవతలి గోడకు మార్చాం.

ఈరోజు చుట్టుకొలత 180, పొడవు అదే. 458 కిలోలు. మెడ కొవ్వు ఇంకా ఉంది గానీ చేత్తో పట్టుకుంటే కాస్త కదులుతోంది, మునుపు రాయిలా ఉండేది.

పాత లాయం
వారానికి మూడున్నర కిలోలు. బాగుంది, ఇంకేమీ కోయకండి, ఇలాగే పోనివ్వండి. మెడ అన్నిటికన్నా చివర తగ్గుతుంది.

వదులు కళ్ళెం
నేనూ కాటా కొన్నాను. మా గుర్రానికి నేను పెట్టే "ఒక మోపు" ఒకరోజు 1.8 కిలోలు, ఇంకోరోజు 3.1. పోయిన చలికాలం ఏమీ కాకపోవడం దాని అదృష్టం. అక్కా, ఆ వలలు ఎన్ని సెంటీమీటర్ల కన్నువి కొన్నారు? మా దానికి లాడాలున్నాయి.

బూడిద గుర్రం
3 సెంటీమీటర్లవి. లాడాలున్నాయంటే గిట్టల మనిషి గారు చెప్పినట్టు పెట్టెలో బిగించండి. మా వాడు మొదటి రోజే ఒక వల కొరికి చింపాడు, కాబట్టి రెండు ఎక్కువ తీసుకోండి.